సందు ఎందుకు పెరుగుతోందో తేలాకే అలైనర్లు

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 43. మాది కనిగిరి దగ్గర పల్లె. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చేశాం, బ్యాంకులో పనిచేస్తున్నాను. చిన్నప్పటి నుంచీ పళ్లతో అవస్థే. ఊరి నీళ్ల వల్ల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, కింది వరసలో పన్ను మీద పన్ను. డాక్టరంటే భయం, నొప్పి ఇక తట్టుకోలేననుకున్నప్పుడే వెళ్లేదాన్ని. కింద ఎడమవైపు దవడపన్ను పీకించుకుని పదేళ్లు దాటింది, ఆ చోట ఏమీ పెట్టించుకోలేదు. కుడివైపు మూడు పళ్ల బ్రిడ్జి ఉంది. పైన ఒక పన్నుకి రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. బ్రష్ చేసేటప్పుడు అప్పుడప్పుడు రక్తం వస్తుంది. రెండేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతున్నాను. నాలుగైదేళ్ల నుంచి పైన ముందు పళ్ల మధ్య సందు పెరుగుతోంది, పళ్లు ముందుకొస్తున్నట్టున్నాయి. పళ్లకి తొడిగి వరసకి తెచ్చే ప్లాస్టిక్ ట్రేలు, అవే అలైనర్లు, అమ్మే ఒక కంపెనీవాళ్లు ఇంటికొచ్చి స్కాన్ చేసి ఆరు నెలల్లో సరిచేస్తామంటున్నారు. ఈ నెలాఖరులోగా కడితే తగ్గింపు ఇస్తారట. మా అబ్బాయి కట్టేద్దామంటున్నాడు. మా తోటికోడలేమో ‘ఈ వయసులో ఎవరికి చూపించుకోవడానికి?’ అంది. ఇన్ని పాడైన పళ్లకి అలైనర్లు పనికొస్తాయా? నాకు వయసు దాటిపోయిందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయాన్ని మీరు మామూలు సంగతిలా రాసి దాటేశారు. నాలుగైదేళ్లుగా పై పళ్ల మధ్య సందు పెరుగుతోందన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. చిన్నప్పటి నుంచి ఉన్న సందు గురించి నాకు బెంగ లేదు, అది పుట్టుకతో వచ్చిన అమరిక. నలభైకి అటూ ఇటూగా కొత్తగా మొదలై పెరుగుతున్న సందు మాత్రం చాలాసార్లు చిగుళ్ల కింద ఎముక కరుగుతోందనడానికి గుర్తు. దానికి తోడు బ్రష్ చేస్తే రక్తం వస్తోంది, షుగర్ ఉంది, ఒకవైపు దవడపన్ను లేక నమిలే బరువు ముందు పళ్ల మీద పడుతోంది. ఎక్స్‌రే చూడకుండా రోగం పేరు చెప్పేయడం సబబు కాదు. కానీ ఆ తగ్గింపు గడువు కోసం మాత్రం ఈ నెల ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను. పన్ను ఎముకలో సిమెంటు పోసినట్టు బిగిసిపోయి ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య సన్నని నారల పొర ఒకటి ఉంటుంది. అలైనర్‌తోగానీ క్లిప్పులతోగానీ పన్నుని మెల్లగా ఒకవైపు నెడితే, ఆ వైపు ఎముక కొద్దికొద్దిగా కరిగి దారి ఇస్తుంది, వెనకవైపు కొత్త ఎముక పుడుతుంది. పళ్లు జరపడమంటే ఈ కరగడం, పుట్టడం ఒక క్రమంలో సాగేలా చూడటమే. చిగుళ్ల కింద ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఎముక అప్పటికే కరుగుతూ ఉంటుంది. ఆ సమయంలో పన్నుని నెడితే కరగడం జోరందుకుంటుంది, పుట్టడం వెనకబడుతుంది. వానకి నానిన నేలలో పాతిన గుంజని ఊపితే ఏమవుతుందో మీకు తెలుసు. ఆరు నెలల తర్వాత పళ్లు వరసలోకి వచ్చినట్టే కనిపిస్తాయి, వేలుపెట్టి కదిపితే కదులుతుంటాయి.

ఇంటికొచ్చి చేసే స్కాన్ చూడగలిగేది చిగురు పైన కనిపించే పన్నుని మాత్రమే. వేరు ఎంత పొడవుందో, ఎముక ఎక్కడిదాకా మిగిలిందో, రూట్ కెనాల్ చేసిన పన్ను వేరు కొసన చీము ఉందో లేదో ఆ కెమెరాకి తెలియదు. అందుకే మీరు మొదట వెళ్లాల్సింది చిగుళ్ల స్పెషలిస్టు దగ్గరికి. పళ్ల వైద్యంలో పీజీ అయిన ఎండీఎస్‌లో పెరియోడాంటిక్స్ చేసినవాళ్లన్నమాట. దవడంతా కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీయిస్తారు, అనుమానం ఉన్నచోట చిన్న ఎక్స్‌రేలు కూడా తీస్తారు. తర్వాత గీతలున్న సన్నని పుల్లలాంటి పరికరంతో ఒక్కో పన్ను చుట్టూ ఆరు చోట్ల చిగురు ఎంత లోతు విడిపోయిందో కొలుస్తారు. మూడు మిల్లీమీటర్ల దాకా ఉంటే మామూలే. నాలుగు, అయిదు దాటి, అక్కడ రక్తం కూడా వస్తుంటే వైద్యం కావాలి. ఈ అంకెలన్నీ కాగితం మీద రాసిమ్మని అడగండి. ఆర్నెల్ల తర్వాత మెరుగైందో లేదో తేల్చేది ఆ కాగితమే. ఇంతవరకూ ఏ డాక్టరూ మీకు ఇలా కొలిచి ఉండకపోతే అందులో ఆశ్చర్యం లేదు, నొప్పితో వచ్చిన మనిషికి ఆ నొప్పి తగ్గించి పంపడంతోనే సరిపోతుంది.

లోతుగా క్లీనింగ్ చేయాలంటారు. అప్పుడు మీ ఇంట్లో ఎవరో ఒకరు ‘క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి’ అంటారు. ఈ మాట మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది పళ్లు పోగొట్టిందో! జరిగేది ఇదీ. ఏళ్ల తరబడి పేరుకున్న గార సందుల్లో గట్టిపడి, కదిలే పళ్లని పక్కపళ్లతో కలిపి పట్టి ఉంచుతుంది. దాన్ని తీసేసరికి అప్పటికే ఉన్న కదలిక బయటపడుతుంది. వాచిన చిగురు వాపు తీసి కిందికి దిగుతుంది గనక సందులు ఎక్కువైనట్టు కనిపిస్తాయి, చల్లనీళ్లు తాగితే కొన్నాళ్లు జివ్వుమంటుంది. వాపు తగ్గి చిగురు మానేటప్పుడు ఇవి కనిపించడం మామూలే. గార అలాగే ఉండనిస్తే కింద ఎముక తిన్నంత తిని, ఒకరోజు పన్ను దానంతటదే చేతికొస్తుంది. కాబట్టి క్లీనింగ్ తర్వాత అద్దంలో చూసుకుని కంగారుపడి మధ్యలో మానేయకండి.

షుగర్ సంగతి కూడా ఇక్కడే. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు మానవు, చిగుళ్లలో ఇన్ఫెక్షన్ ఉంటే షుగర్ సరిగా అదుపులోకి రాదు. రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. చిగుళ్లకి వైద్యం చేస్తే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కాస్త తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. ఆ పరీక్ష ఈ వారమే చేయించండి. 7 దగ్గర ఉంటే హాయిగా ముందుకెళ్లొచ్చు. 8, 9 అంటే మీ ఫిజీషియన్‌తో మాట్లాడి మందు సరిచేయించుకున్నాకే అలైనర్ల మాట ఎత్తండి. ఈ జవాబు చదివే ఇంకొకరికి ఉపయోగపడొచ్చని ఒక మాట: ఎముకల బలానికి అలెండ్రొనేట్ మాత్రలు, జోలెడ్రొనిక్ యాసిడ్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నవాళ్లు ఆ సంగతి పళ్ల డాక్టర్‌కి ముందే చెప్పి తీరాలి. పళ్లు కదిలే తీరూ, పన్ను పీకాక మానే తీరూ ఆ మందులతో మారిపోతాయి.

చిగుళ్ల వైద్యం అయ్యాక సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఆగి మళ్లీ కొలుస్తారు. లోతులు తగ్గి, రక్తం ఆగితే అప్పుడు పళ్ల వరస సరిచేసే స్పెషలిస్టు, అంటే ఆర్థోడాంటిస్టు దగ్గరికి వెళ్లండి. ఆ రోజున మీ ప్రశ్నకి నా జవాబు: పనికొస్తాయి, వయసు దాటలేదు. ఎముక తగ్గిన పళ్లని కూడా, ఇన్ఫెక్షన్ లేనంతవరకు, తేలికపాటి ఒత్తిడితో జరపొచ్చు. వయసుకి పై హద్దంటూ ఏదీ లేదు. యాభైల్లో, అరవైల్లో చేయించుకునేవాళ్లు ఉన్నారు. పిల్లలకన్నా మొదట్లో కాస్త నెమ్మదిగా కదులుతాయి, అంతే. పైగా మీలాంటివాళ్లకి క్లిప్పులకన్నా అలైనర్లలో ఒక నిజమైన లాభం ఉంది. తీసి పక్కనపెట్టి శుభ్రంగా బ్రష్ చేసుకోవచ్చు, సందుల్లో చిన్న బ్రష్ దూర్చి పాచి తీసుకోవచ్చు. చిగుళ్ల జబ్బు వచ్చిపోయిన నోటికి ఇది పెద్ద మేలు.

మీ తోటికోడలి మాటకి నా దగ్గర సూటిగా ఒక సమాధానం ఉంది. ముందుకు జరుగుతున్న పళ్లు ఒకదానికొకటి సరిగా తగలవు. తగలని పళ్ల మీద బరువు అడ్డదిడ్డంగా పడి, కరిగిన ఎముక మీద మరింత భారం పెరుగుతుంది. పన్ను మీద పన్ను ఎక్కినచోట బ్రష్ వెళ్లదు, గార అక్కడే పేరుకుంటుంది. సరిచేయించుకుంటే యాభై అయిదేళ్లకి మీ పళ్లు మీ నోట్లో ఉండే అవకాశం పెరుగుతుంది. అదలా ఉంచితే, బాగా కనిపించాలనుకోవడం కూడా తప్పేం కాదు. రోజూ కౌంటర్ దగ్గర పదిమందితో మాట్లాడే మనిషి నోరు దాచుకోకుండా నవ్వాలనుకోవడం న్యాయమైన కోరిక. నలభై మూడేళ్లకి ఆ కోరిక పుడితే ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

ఇక మీ నోట్లో ఒక్కో చోట ఏం జరుగుతుందో చెప్తాను. ఆర్థోడాంటిస్టుతో మాట్లాడేటప్పుడు ఇదంతా మీకు తెలిసుండాలి.

రూట్ కెనాల్ చేసిన పన్ను మామూలు పన్నులాగే కదులుతుంది, ఎందుకంటే కదలడానికి కావాల్సిన నారల పొర వేరు బయట ఉంటుంది, లోపలి నరంతో దానికి పనిలేదు. వేరు కొసన చీము లేదని ఎక్స్‌రేలో తేలితే చాలు. బ్రిడ్జి సంగతి అలా కాదు. మూడు పళ్లు ఒకే కట్టుగా ఉన్నాయి కాబట్టి విడివిడిగా కదలవు. ఆ వైపు జరపాల్సిన అవసరం లేకపోతే దాన్ని ముట్టుకోరు. అవసరమైతే కోసి తాత్కాలిక క్యాపులు పెట్టి, అంతా అయ్యాక కొత్తవి వేయాలి. ఆ ఖర్చు అలైనర్ల బిల్లులో ఉండదు, ముందే అడిగి రాయించుకోండి.

ఎడమవైపు ఖాళీయే అన్నిటికన్నా కష్టమైన చోటు. పదేళ్లలో వెనకపన్ను ఖాళీలోకి వాలి ఉంటుంది, పైపన్ను కిందికి దిగి ఉంటుంది. ఇప్పుడక్కడ ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) పెట్టాలన్నా సరైన చోటు ఉండదు. వాలిన దవడపన్నుని నిటారుగా నిలబెట్టడం, దిగిన పన్నుని పైకి పంపడం అలైనర్లతో ఒంటరిగా అంత సులువుగా జరిగే పని కాదు. కొన్నాళ్లు ఆ ఒక్క వైపు క్లిప్పులు పెడతామనో, ఎముకలో చిన్న స్క్రూ పెట్టి దాని ఆసరాతో లాగుతామనో డాక్టరు అంటే మోసపోతున్నానని అనుకోకండి, అలా చెప్పే డాక్టరే మీ నోటిని సరిగా చూశాడని అర్థం. ఇంప్లాంట్ మాత్రం ముందే పెట్టించుకోవద్దు. అది ఎముకకి నేరుగా అతుక్కుంటుంది, మధ్యలో నారల పొర ఉండదు గనక ఒకసారి పెట్టాక జరగదు. మిగతా పళ్లు వాటి వాటి చోట్లకి చేరాకే ఇంప్లాంట్.

మచ్చల గురించి మీరు కాస్త సిగ్గుపడుతూ రాసినట్టనిపించింది. ఆ సిగ్గు మీది కాదమ్మా. మన దేశంలో ఈ మచ్చలు తెచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి వైద్యపత్రికల్లో మొట్టమొదట రాసింది మీ ప్రాంతం గురించే. 1937లో, కనిగిరి, పొదిలి చుట్టుపక్కల పల్లెలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, అక్కడి భూగర్భజలాల్లోని ఫ్లోరైడ్ వల్లే ఇదంతా అని బయటపెట్టారు. నల్లగొండ వాళ్లదీ ఇదే బాధ. పాలపళ్లు ఊడకముందే దవడ లోపల కొత్తపళ్లు తయారయ్యే వయసులో ఏ నీళ్లు తాగారన్నదే అసలు కారణం, మీరు బ్రష్ చేసుకోకపోవడం కాదు. వైద్యానికి సంబంధించి ఇందులో ఒక చిక్కు ఉంది. అలైనర్లు పన్నుని పట్టుకోవడానికి పళ్ల మీద పన్ను రంగులో చిన్న చిన్న బొడిపెలు అతికిస్తారు. ఫ్లోరైడ్ పట్టిన పన్ను పైపొర మీద అవి అంత గట్టిగా అంటుకోవు, ఊడుతుంటాయి. క్యాప్ మీదా అంతే. ముందే చెబితే పన్నుని తయారుచేసే పద్ధతి మారుస్తారు. ఊడినప్పుడు వెంటనే వెళ్లి మళ్లీ పెట్టించుకోండి, ‘ఒక్కటే కదా’ అని వదిలేస్తే ఆ పన్ను వెనకబడిపోయి తర్వాతి ట్రేలేవీ సరిగా కూర్చోవు. మచ్చల రంగు మాత్రం అలైనర్లతో పోదు. వాటికి వేరే వైద్యాలున్నాయి, అవన్నీ వరస సరిచేశాకే. ముందే వెనీర్లు (పన్ను ముందువైపు అతికించే పలచని పెంకులు) వేయించమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

కంపెనీ మాటకొస్తాను. అమెరికాలో స్మైల్ డైరెక్ట్ క్లబ్ అనే కంపెనీ 2014లో మొదలై, ఇంటికే అలైనర్లు పంపుతూ చాలా పెద్దదైంది. 2023 సెప్టెంబరులో దివాలా పిటిషన్ వేసింది, డిసెంబరులో మూతపడింది. మధ్యలో ఉన్నవాళ్లని మీ ఊళ్లో డెంటిస్టుని చూసుకోమంది, వాయిదాలు మాత్రం కడుతూనే ఉండాలంది. అక్కడున్న మనవాళ్లలో కూడా ఆ ట్రేలు వాడినవాళ్లుంటారు. ఇక్కడి కంపెనీలన్నీ అలాంటివేనని నేను అనను. మంచి ట్రేలు తయారుచేసేవాళ్లు మనదేశంలోనూ ఉన్నారు, చాలామంది ఆర్థోడాంటిస్టులు వాళ్ల ట్రేలే వాడతారు కూడా. మీరు చూడాల్సింది ట్రే ఎవరిదన్నది కాదు, మీ నోట్లో చెయ్యిపెట్టి చూసి, వైద్యానికి పూచీపడే డాక్టర్ ఎవరన్నది. ఆయన లేదా ఆవిడ పేరు, ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ ఉందా, రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరెంత, నెలా రెండునెలలకోసారి వాళ్లే చూస్తారా, లేక ఫోన్లో ఫొటో పంపమంటారా? ఈ ప్రశ్నలకి జవాబివ్వకుండా వాయిదాల లెక్క చెప్పేవాళ్లని వదిలేయండి. మీలాంటి కేసు ఆరు నెలల్లో అయిపోతుందన్న మాట నమ్మదగింది కాదు. చిగుళ్ల వైద్యానికి పట్టే కాలాన్ని పక్కనపెట్టినా ఏడాది నుంచి రెండేళ్లు అనుకోండి. ఒక్కో ట్రే పన్నుని జరిపేది ఎక్కువలో ఎక్కువ పావు మిల్లీమీటరు, వారం పది రోజులకో, రెండు వారాలకో ఒకటి మారుస్తారు. కంప్యూటర్లో చూపించిన బొమ్మలాగే పళ్లు అచ్చంగా కదలవు. అనుకున్న ట్రేలు అయిపోయాక మళ్లీ స్కాన్ చేసి మరికొన్ని చేయించడం దాదాపు అందరికీ ఉండేదే. ఆ అదనపు ట్రేలు మొదటి ధరలోనే వస్తాయో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

ధర హైదరాబాద్‌లో ఎక్కడా ఒకేలా లేదు. చిన్న కేసుకి 60, 70 వేల నుంచి పెద్ద కేసుకి 3 లక్షలు దాటేదాకా చెప్తారు. మామూలు ఆరోగ్య బీమాలు దీనికి ఇవ్వవు. ఖర్చు భారమనిపిస్తే అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీకి వెళ్లండి. చిగుళ్ల వైద్యం అక్కడ నామమాత్రపు ఖర్చుతో అవుతుంది, క్లిప్పులు కూడా బయటికంటే చాలా చవకలో పడతాయి. విజయవాడ వైపున్నవాళ్లకి అక్కడా ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. ఓపికగా కూర్చోవాల్సి వస్తుంది, కానీ ప్రొఫెసర్ల పర్యవేక్షణలో పని జరుగుతుంది. మీ అబ్బాయి కడతానన్న డబ్బుని మొదట చిగుళ్లకి, తర్వాత అలైనర్లకి, చివర ఇంప్లాంట్‌కి అని మూడు భాగాలుగా వేసుకోమనండి. మొత్తం అలైనర్లకే పోసేస్తే చివర్లో ఖాళీ ఖాళీగానే మిగులుతుంది.

రోజువారీ సంగతుల్లో నాకు మీ గురించి ఉన్న బెంగ టీ. రోజుకి 20 నుంచి 22 గంటలు ట్రేలు నోట్లో ఉండాలి. అంటే తిండికీ, టీకీ, బ్రష్‌కీ అన్నిటికీ కలిపి మిగిలేది రెండు నుంచి నాలుగు గంటలే. ట్రేలు పెట్టుకుని తాగదగ్గది మంచినీళ్లు ఒక్కటే. వేడి టీ వాటిని వంకర చేస్తుంది, చక్కెర ట్రేకీ పన్నుకీ మధ్య నిలిచి పన్నుని పుచ్చిస్తుంది. బ్యాంకులో పదకొండింటికొకటి, నాలుగింటికొకటి, ఎవరైనా వస్తే ఇంకొకటి అంటే లెక్క తప్పుతుంది. టీని టిఫిన్‌తోనూ, సాయంత్రం చిరుతిండితోనూ కలిపేయండి, విడిగా తాగడం మానేయండి. తిన్నాక పుక్కిలించి, బ్రష్ చేసుకునే ట్రేలు పెట్టుకోవాలి. ఆవకాయ, పసుపు పడ్డ పులుసు తిని అలాగే పెట్టేస్తే రెండో రోజుకే ట్రే పచ్చబడుతుంది, పక్కవాళ్లకి కనిపించదనుకున్నది కాస్తా అందరికీ కనిపిస్తుంది. ట్రేలని చల్లనీళ్లతో కడగండి, వేడినీళ్లు వద్దు. తీసినప్పుడు డబ్బాలోనే పెట్టండి. పెళ్లి భోజనాల్లో టిష్యూలో చుట్టి విస్తరి పక్కన పెట్టారంటే విస్తరితోపాటే వెళ్లిపోతుంది. కొత్త ట్రే వేసిన ఒకటి రెండు రోజులు పళ్లు పిసికినట్టుంటాయి, మాట కొద్దిగా నత్తిగా వస్తుంది. ట్రేలు రాత్రి పడుకునే ముందు మార్చుకుంటే మొదటి ఇబ్బంది నిద్రలో పోతుంది. అవసరమైతే పారాసెటమాల్ వేసుకోవచ్చు.

వైద్యం సాగినన్నాళ్లూ మూడు నెలలకోసారి చిగుళ్ల డాక్టర్‌కి చూపించుకుని క్లీనింగ్ చేయించుకోండి. మధ్యలో రక్తం మళ్లీ మొదలైతే ట్రేలు ఆపించి చిగుళ్లు చూపించుకోండి, అవి మానాక మళ్లీ కొనసాగించొచ్చు.

ఒక విషయం ముందే చెప్పకపోతే తర్వాత మీరు బాధపడతారు. ఎముక తగ్గిన పళ్లని దగ్గరికి చేర్చాక చిగురు దగ్గర చిన్న నల్లటి త్రికోణాలు మిగలొచ్చు, ముఖ్యంగా కింది వరసలో పన్ను మీద పన్ను ఎక్కినచోట. చిగురు తిరిగి పైకి పెరగదు. పళ్ల అంచుల్ని వెంట్రుకవాసి అరగదీసి దగ్గరికి జరపడం, పన్ను రంగు పదార్థంతో పూడ్చడం వంటివాటితో చాలావరకు తగ్గిస్తారు గానీ పూర్తిగా పోతాయని మాట ఇవ్వలేరు. ఇక ట్రేలు అయిపోయాక, పళ్లని కొత్తచోట నిలిపి ఉంచే రిటైనర్. చిగుళ్ల జబ్బు వచ్చిపోయిన పళ్లు మళ్లీ పాతచోటికి పోవడానికి తొందరపడతాయి. పళ్ల వెనక సన్నని తీగ అతికించి, రాత్రిపూట ప్లాస్టిక్ రిటైనర్ కూడా పెట్టుకోమంటారు. ఎన్నాళ్లని అడగకండి, ఆ పళ్లు ఉన్నన్నాళ్లూ. దీనికి సిద్ధంగా లేకపోతే అసలు మొదలుపెట్టొద్దని కూడా నేను చెప్తాను.

మీ భయం గురించి. ఇన్నాళ్లూ నొప్పి ముదిరాకే వెళ్లారు కాబట్టి కుర్చీ అంటే నొప్పే గుర్తొస్తుంది. చీము పట్టిన పన్నుకి మత్తు సరిగా పట్టదు, మీకు నొప్పి పుట్టడం మీ పిరికితనం వల్ల కాదు. ఈసారి నొప్పి లేకుండా వెళ్తున్నారు, అనుభవం వేరుగా ఉంటుంది. కూర్చోగానే ‘నాకు భయం, చెయ్యి ఎత్తితే ఆపండి’ అని చెప్పండి. లోతు క్లీనింగ్ కూడా మత్తిచ్చే చేస్తారు, ఒకేరోజు కాకుండా ఒక్కో వైపు చేయమని అడగొచ్చు. ఉదయం టిఫిన్ తిని, షుగర్ మాత్ర వేసుకునే వెళ్లండి, ఖాళీ కడుపుతో వద్దు.

సోమవారం హెచ్‌బీఏ1సీకి రక్తం ఇవ్వండి, ఆ వారంలోనే ఓపీజీ తీయించండి. రెండింటి కాపీలూ ఒక ఫైల్లో మీ దగ్గరే పెట్టుకుని చిగుళ్ల డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. కంపెనీవాళ్లు ఫోన్ చేస్తే, ఎక్స్‌రే చూశాక మాట్లాడతానని చెప్పండి.